గుహజాతివాడి ఫిర్యాదు

కాదు రా ఆనందూ, నువ్వే చెప్పు, నన్ను ఆపుతాడా? కోట వాకిట్లో, అందరి ముందర! మీ జాతికి లోపలికి ప్రవేశం లేదంటాడా, ఈటె పట్టుకున్న ఆ బొమ్మ వెధవ! ఈ గోవర్ధన్ అంటే ఎవరనుకున్నాడు? మా నాయన చెయ్యెత్తితే గిద్దలూరు బస్సు ఎక్కడైనా ఆగుతాది!

నవ్వొద్దు. ఫోన్‌లో ఆటేనని నాకూ తెలుసు. అయినా ఒళ్ళు మండదా?

తప్పు నాదే అనుకో. మొదట్లో జాతి ఎంచుకోమన్నప్పుడు బలం తొంభై అని చూసి గుహజాతి మీద నొక్కినా. కింద చిన్నక్షరాలు ఎవడు చదువుతాడు? నువ్వేమో నిదానంగా అంతా చదివి రాజవంశం తీసుకుంటివి. ఇక్కడ నువ్వు నన్ను అన్నా అంటావు, అక్కడ ఆ కాపలావాడు నీకు వంగి దొరా అంటాడు. కాలం మారింది లే!

అది సరే, ఆ దుకాణంవాడికేం రోగం? కత్తి చేతికియ్యడు, నేలమీద పెడతాడు. నేను వంగి ఎత్తుకోవాల. పూటకూళ్ళ ఇంట్లో అందరికీ ఇత్తడి లోటాలు, నాకు మాత్రం సొరకాయ బుర్ర! తాగినాక బయట పారేసి పోవాలంట. నా చేతులకేమన్నా తెగులా?

అందుకే కదా కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. ఇంగ్లీషులో నువ్వే రాసిస్తివి. అబ్బ, ఏం రాసినావు రా! వాకిట్లో నిలబెడితే నొచ్చేది కాళ్ళు కాదని రాసి, తెలుగులో నాకు చదివి చెప్పినావు చూడు, ఆ మాట రెండుసార్లు చదివించుకుంటి. ఎక్కడా ఆగకుండా రాసినావు. అంత వివరంగా నీకెట్ల తెలుసో అప్పుడు నాకు తట్టనే లేదు.

జవాబొచ్చింది. ఆ లోకం తీరే అంతంట. ఇబ్బందైతే ఆ పాత్రను తీసేసి ఇంకో జాతి ఎంచుకోండి అన్నారు. ఎంత సులువు!

నేను మరిచిపోను రా. మొన్న ఆటలో ఆ కాపలావాడు నీకు కోట తలుపు తెరిచినా నువ్వు లోపలికి పోలేదు. మంచులో నా పక్కనే నిలబడినావు. పోతే ఇద్దరం పోదాం, లేకుంటే లేదన్నా, అన్నావు. నిజంగా ఏడుపొచ్చింది నాకు. ఏమైనా సరే జాతి మార్చను, ఆదివారం ఆ వాకిలి బద్దలు కొడదాం అని ఒట్టేసింది నేనే.

ఆ... ఇట్ల పెట్టు అమ్మా. టీ తీసుకో రా.

ఏంది అట్ల చూస్తాండావు? కప్పా?

అవును. నాకు స్టీలు గ్లాసు, నీకు పేపరు కప్పు. మీ చర్చి పాలెం నుంచి ఎవరొచ్చినా అమ్మ గూట్లోంచి ఆ కప్పుల కట్టే తీస్తాది. ఇంట్లో గ్లాసులు తక్కువేమో అనుకుంటి. ఊహూ, అబద్ధం. అనుకోనూ లేదు, అసలు చూడనే లేదు. ఇన్నేండ్లూ నువ్వు మా వాకిట్లో ఈ మెట్టు దాటి పైకి రాలేదని కూడా ఈ వారమే చూసినా.

లోపలికి రా అనొచ్చు నేను. ఒక్క మాట. కానీ అమ్మ ఉండాది... నాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు.

ఇంకోటి చెప్తా, తిట్టుకోవద్దు. ఆదివారం ఆటకు నేనొస్తా గానీ ఆ గుహజాతివాడు రాడు. పొద్దున్నే వాణ్ణి తీసేసినా. ఇప్పుడు నేనూ రాజవంశమే. రెండు నిమిషాలు పట్టింది రా, అంతే.

తాగు, చల్లారిపోతాది. కప్పు ఇక్కడ పెట్టొద్దు, పోతా పోతా గోడవతల పారెయ్. అమ్మ ముట్టదు.