లోకం చూసిన కోటు చెయ్యి

"నన్నడిగితే ఆ ఫొటో నేను తీయలేదురా బామ్మర్దీ, అదే నా చేత తీయించుకుంది" అంటూ లాండ్రీ బావ టీ కొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

వీధిలో సగం మందికి ఆయన బావే. టీ కొట్టు పక్కనే ఆయన లాండ్రీ, రెండింటికీ ఎదురుగా కోర్టు. ఆ పొద్దున ఆయన ఇంకా షాపు తెరవలేదు, తాళాలు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఇక ఇస్త్రీ మానేసి ఫొటోలే తీస్తానని, షాపు బామ్మర్దికి ఇచ్చేస్తున్నానని కనపడిన ప్రతివాడికీ చెప్పేశాడు. ఆ తాళాల కోసమే బామ్మర్ది వచ్చి పక్కన కూర్చున్నాడు. అందుకే బావ నోరు తెరవకముందే తలూపుతున్నాడు.

"ఏం ఫొటో అబ్బాయ్?" అంది టీ పిన్ని గ్లాసులు కడుగుతూ.

"బట్టలు సిద్ధమయ్యాయంటే ఫొటో తీసి ఫోన్లో మా షాపు పేజీలో పెట్టడం అలవాటే కదా పిన్నీ. మొన్న సోమవారం ఓ నల్ల కోటు ఇస్త్రీ చేసి తగిలించానా, కిటికీలోంచి ఎండ పడింది, కోటంతా కాదు, చెయ్యి మీదే, మోచేతి నుంచి గుండీల దాకా. నాకు ఊపిరాగిపోయింది. కోటు మొత్తం ఎవడైనా తీస్తాడు. నేను చెయ్యి ఒక్కటే తీశాను, పేజీలో పెట్టాను. ఓ చొక్కా కాలరు రుద్ది ఫోను చూస్తే నలభై మంది చూసేశారు!"

"నలభై మందేగా?"

"కాలరుకే నలభై పిన్నీ! చొక్కా వెనక్కి తిప్పేసరికి నాలుగొందలు. గుండీల పట్టీ దగ్గరికి వచ్చేసరికి లక్ష. ఇంక నా చెయ్యి పని మీద నిలుస్తుందా? ఒక రుద్దు, ఒక చూపు. ఒక రుద్దు, ఒక చూపు. అన్నం తింటూ చూశాను, స్నానం చేస్తూ చూశాను. నేను తన వంక చూడ్డమే మానేశానని వీళ్లక్క తన ఫొటో కూడా ఆ పేజీలోనే పెట్టింది, అక్కడైనా కనపడతానని."

"మరి చూశావా?"

"దానికి వ్యూస్ ఎన్నొచ్చాయో చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతమంది ఒక్కసారే చూసేసరికి ఫోను కాలిపోతోంది. ఇస్త్రీ పెట్టె ఆపేసి ఆ ఫోనుతోనే ఓ డజను ప్యాంట్లు రుద్దాను. మడత కత్తిలా వచ్చింది!"

"మా ఆయన ప్యాంటు మీద పలకలాంటి మచ్చ అదేనన్నమాట."

"మచ్చ కాదు పిన్నీ, ముద్ర. అక్కడితో అయిపోయిందా? అంకెలు తెర మీద పట్టడం లేదు. ఫోను అడ్డం తిప్పినా చాల్లేదు. చివరి సున్నాలు జారి ఎదుటి గోడ మీద పడ్డాయి. చూశావు కదరా బామ్మర్దీ?"

బామ్మర్ది తాళాల వంక చూశాడు. "చూశాను బావా. రెండు సున్నాలు కిటికీలోంచి కోర్టులోకి కూడా పోయాయి."

"విన్నావా! నడిసముద్రంలో ఓడ నడిపేవాడొకడు ఆ చెయ్యి చూస్తూ చుక్కాని వదిలేశాడట. ఓడ ఒడ్డుకొచ్చి కూడా ఆగలేదు, రెండు వీధులు లోపలికి నడిచింది. వాడు దిగి మొదట అడిగిన మాటేంటో తెలుసా? ఈ చెయ్యి ఎవరిదని! చివరికి ఈ పేజీలన్నీ నడిపే కంపెనీవాళ్లే నాకు ఫోన్ చేసి ఏడ్చారు. అయ్యా, మిగతా జనం ఫొటోలు కూడా ఎవరో ఒకరు చూడాలి కదా, మీ చెయ్యి కాసేపు తీసేయండీ అని. జాలేసి పావుగంట తీశాను. ఆ పావుగంటలో లేని ఫొటోని ఇంకో కోటి మంది చూశారు!"

పిన్ని కడగడం ఆపింది. "లేని ఫొటోని ఎలా చూస్తారు?"

"అదే నాకూ అర్థం కావడం లేదు." బావ తాళాలు తిప్పడం ఆపి తల గోక్కున్నాడు. "బతికున్న జనం కంటే వ్యూస్ ఎక్కువయ్యాయి. పోనీ నేను చూసినవి లెక్కలోంచి తీసేద్దామంటే, ఎన్నిసార్లు చూశానో తేల్చడానికి మళ్లీ చూడాలి. చూస్తే మళ్లీ పెరుగుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది పిన్నీ. వస్తారు, చూస్తారు, పోతారు, మళ్లీ వస్తారు. ఒక్కడంటే ఒక్కడు బాగుందని రాయడు. అదీ పొద్దున్న పూటే ఎగబడతారు. కళ కోసం జనం పొద్దున్నే లేస్తారంటావా?"

బల్ల చివర ఓ లాయరు గారు ఇదంతా వింటూ టీ తాగుతున్నారు. తెల్ల చొక్కా వేసుకుని, మెడకి బ్యాండు కట్టుకుని ఉన్నారు. కోటు మాత్రం లేదు.

"ఆ చూసేది మేమేనయ్యా" అన్నారు.

"మీరంటే?"

"ఎదుటి కోర్టులో ఉన్న లాయర్లందరం. మా కోట్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఎవరి కోటు సిద్ధమైందో చూసుకుందామని నీ పేజీ తెరుస్తాం. ఇదివరకు కోటు మొత్తం పెట్టేవాడివి, నంబరు చీటీ కనపడేది. ఇప్పుడు ఒక చెయ్యి పెట్టి ఊరుకున్నావు. నల్ల చెయ్యి! అందరివీ నల్లవే. నా గుండీ దారం కొంచెం వేరు, అది కనపడుతుందేమోనని పెద్దది చేసి చూస్తాను. తేలదు. టీ తాగి మళ్లీ చూస్తాను. ఇంకా తేలదు. ఇంటికెళ్లి మా ఆవిడకి చూపించాను, ఆవిడా గుర్తుపట్టలేదు."

బావ ఫోను వంక చూశాడు, కోర్టు వంక చూశాడు.

"మరి ఆ ఓడ?" అన్నాడు.

"ఓడ సంగతి నాకేం తెలుసయ్యా! పదకొండింటికి నాకు వాయిదా ఉంది. నంబరు చెబుతాను, నా కోటు తెచ్చివ్వు."

"నంబరంటే..." బావ గొంతు తగ్గింది. "చీటీ ఉంటే ఫొటో పాడవుతోందండీ. అందుకని పీకేశాను."

"ఆ ఒక్క కోటుదేనా?"

"ఏ కోటు మీద ఎప్పుడు ఎండ పడుతుందో చెప్పలేం కదండీ. అన్నిటివీ పీకేశాను."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోర్టు మెట్ల మీంచి తెల్ల చొక్కాలు గుంపుగా దిగి, ఫోన్లు చేత్తో పట్టుకుని ఇటే వస్తున్నాయి. బావ గబుక్కున లేచి తాళాలు బామ్మర్ది ఒళ్లో పడేశాడు.

"తీసుకోరా. మాటంటే మాటే. షాపు నీది."

బామ్మర్ది నిప్పు మీద పడ్డవాడిలా లేచాడు. తాళాలు దులిపేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు బావా. అంత పెద్ద కళని నేను మోయలేను."

"పొద్దుట్నించీ తలూపావు కదరా!"

"మెడ నొప్పి బావా."

ఎవరూ తీయకపోయేసరికి తాళాలు బావే వంగి తీసుకున్నాడు, షట్టరు ఎత్తాడు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్ల కోట్లు వేలాడుతున్నాయి. లాయరు గారు మొదటిది తొడిగారు, భుజాల దగ్గర పట్టేసింది. రెండోది మోకాళ్ల దాకా దిగింది. వెనక గుమ్మం దగ్గర తోపులాట మొదలైంది. ఎవరో ఎవరి కోటో లాక్కుంటున్నారు, ఇద్దరు ఒకే కోటులో చెరో చెయ్యి పెట్టారని ఇంకెవరో అరుస్తున్నారు.

బావ ఆ గందరగోళం మధ్యలోంచి దారి చేసుకుని లాయరు గారి దగ్గరికొచ్చాడు. ఫోను ఆయన మొహం ముందు పెట్టాడు.

"ఒక్క మాట చెప్పండి సార్. అన్నిసార్లు చూశారు కదా, ఫొటో మాత్రం బాగుంది కదూ?"

లాయరు గారు మూడో కోటులో చెయ్యి దూరుస్తూ గుండీ దారం వెతుకుతున్నారు.

"ఉండవయ్యా. నా కోటైతే చెబుతాను."