తాళం బయటి నుంచే ఉంది

...అందుకే నిన్న పోలీస్ స్టేషన్‌లో సగంలో ఆపేశాను మేడమ్. నాన్న పక్కనే కూర్చుని ఉంటే నోరు పెగల్లేదు. "ఇంటికెళ్ళి నీ చేత్తో నువ్వే రాయి, రేపు నేనొచ్చి తీసుకుంటా" అని మీరు తెల్లకాగితాలిచ్చారు. గది తలుపు వేసుకుని రాస్తున్నాను. నేను చదివేది ఇంగ్లీషు మీడియం, ఒత్తులు తప్పితే ఏమనుకోకండి.

పేరు రాయాల్సిన చోట ఖాళీ వదలమన్నారు, వదిలాను. వయసు పదహారు. పని: చదువుకోవడం, ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడటం.

మా చర్చి వెనక గోడని ఆనుకుని మా పెద్దనాన్న లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి బట్టలు అక్కడ ఉతుకుతారు. పెద్దనాన్న మా సంఘపెద్ద కూడా. కానుకల పెట్టె పట్టుకునేది ఆయనే.

చాలా నెలలుగా మా పాటలకి ఎకో వస్తోంది. మేం ఒక లైను పాడితే అదే లైను కొంచెం ఆలస్యంగా వెనక నుంచి వినిపించేది. క్వయర్ మాస్టారు ప్రతివారం మైకు అన్న మీద పడేవారు. "నీ స్పీకర్లు పాతసామాన్లవాడికి వేసెయ్యవయ్యా!" మైకు అన్న వైర్లన్నీ మార్చాడు. ఎకో పోలేదు.

పోయిన ఆదివారం పదకొండు దాటాక, రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది. మేమందరం ఠక్కున ఆగాం. ఎకో ఆగలేదు. మేమింకా పాడని లైను కూడా పాడేసింది.

"మాస్టారూ, ఇది నా స్పీకర్ కాదండోయ్" అన్నాడు మైకు అన్న. కొందరు నవ్వారు.

పెద్దనాన్న లేచి, "పక్కింట్లో రేడియో అయ్యుంటుంది" అన్నారు.

"కరెంటు లేదు కదండీ?"

"బ్యాటరీది!" అని కసిరారు. ఆయనకి చెమటలు పట్టాయి. ఫ్యాన్లు ఆగాయి కాబట్టి అందరికీ పట్టాయి, అది సాక్ష్యం కాదని నాకు తెలుసు.

ఆరాధన అయ్యాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ గోడ వెనక్కి తీసుకెళ్ళు" అంది. ఆవిడకి కళ్ళలో శుక్లాలు, మనిషి నీడ తప్ప ఇంకేం కనపడదు. సందులోంచి లాండ్రీ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాం. ఇనుప తలుపు. గడియకి తాళం. ఇత్తడిది, దాని మీద పసుపు పెయింటు చుక్క పడి ఉంది. తాళం బయటి నుంచే ఉంది.

నాయనమ్మ తలుపు తట్టింది. "ఎవరమ్మా లోపల?"

"ఇస్త్రీ చేసేవాళ్ళమమ్మా. ముగ్గురం."

"మరి పాడిందెవరు?"

"మేమే. తప్పయితే మానేస్తాం."

"పాడితే తప్పేంటే పిచ్చితల్లీ. బయటికి రండి."

అదే గొంతు, "తాళం మీ వైపు కదమ్మా ఉంది" అంది.

ఊరెళ్తామంటే ఫోన్లు లాక్కున్నారట. పోయిన ఎండాకాలం నుంచి వీధి మొహం చూడలేదట. ఒకామెని వాళ్ళమ్మ పోయినా పంపలేదట. వింటూ నాయనమ్మ ఆ తాళాన్ని తడుముతూనే ఉంది. ఎండకి కాలుతోంది అది. అయినా వదల్లేదు.

పెద్దనాన్న చర్చి మెట్ల మీద అందరికీ చేతులు కలుపుతున్నారు. నాయనమ్మ నేరుగా వెళ్ళి చెయ్యి చాపింది. "తాళంచెవి ఇటివ్వరా."

"అమ్మా, పనివాళ్ళ సంగతి నీకు తెలీదు. వదిలితే పారిపోతారు."

"పనివాళ్ళు ఇంటికెళ్తార్రా. పారిపోయేది ఖైదీలు."

నాన్న మధ్యలోకి వచ్చి, "ఇంటిగుట్టు లంకకు చేటమ్మా. ముందు ప్రార్థన చేద్దాం" అన్నాడు.

"పొద్దుట్నుంచీ చేసింది అదేగా? మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ దేవుడు వింటాడు. లేచాక ఎటు నడుస్తామో చూస్తాడు" అంది నాయనమ్మ.

స్కూల్ నోటీసు బోర్డులో చూసిన హెల్ప్‌లైన్‌కి చర్చి బాత్రూంలోంచి ఫోన్ చేసింది నేనే. నాయనమ్మ బయట కాపలా నిలబడి, "మనవరాలికి కడుపునొప్పి, ఇంకో బాత్రూం చూసుకోండి" అని అందర్నీ తరిమింది. ఇంకో బాత్రూం లేదు.

మీ జీపు వచ్చేసరికి తాళం లేదు. తలుపు బార్లా తీసి ఉంది. ఎప్పుడూ తీసే ఉంటుందని పెద్దనాన్న మీతో అన్నారు. ఆ ముగ్గురూ ఇప్పుడు మీ షెల్టర్ హోమ్‌లో ఉన్నారు. తాళం లోపలివాళ్ళకి కనపడదు కదా, బయటి నుంచి చూసినవాళ్ళు చెప్పకపోతే కేసు నిలవదన్నారు మీరు.

నిన్న సాయంత్రం పెద్దనాన్న ఇంటికొచ్చారు. "అమ్మకి కళ్ళు కనపడవు. పిల్ల ఏమీ చూడలేదు. అంతేగా అమ్మలూ?" అని నా తల నిమిరారు. నేను తలూపాను. అది లెక్కలోకి తీసుకోకండి మేడమ్. భయమేసి ఊపాను. నేను చూశాను. తాళం బయటి నుంచే ఉంది.

నాకు సైకిల్ నేర్పింది పెద్దనాన్నే. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

ఎవరో తలుపు కొడుతున్నారు. కాగితాలు దిండు గలీబులో

*

మళ్ళీ తీశాను. కొట్టింది నాన్న. "నువ్వు మైనర్‌వి కదా, నా సంతకం కూడా కావాలంది ఆ మేడమ్. ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. ముందు చదువు నాన్నా అన్నాను. నిలబడే చదివాడు. ఇంటిగుట్టు అని తనన్న మాట దగ్గర ఆగాడు. కొట్టేయమంటాడేమో అనుకున్నా.

"అన్నానుగా. ఉండనీ" అన్నాడు. పెన్ను అడిగాడు.

పైన రాసిందంతా నేను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బెదిరించి రాయించలేదు. కోర్టులో అందరి ముందు అడిగినా ఇదే చెప్తాను, ఈసారి గట్టిగా.

నా సంతకం. దాని కింద నాన్న సంతకం.

నాయనమ్మ కూడా వేస్తానంది. "నేను చూశానని మాత్రం రాయకే. ఈ వేలితో తడిమానని రాయి. ఈ వేలిముద్రే ఇస్తున్నా" అంది. అన్నిటికన్నా కింద ఉన్న ముద్ర అదే.