దిష్టిచుక్క పెట్టిన వెబ్‌సైటు

వజ్రమ్మ ఉందా, అదే, మన గుమ్మళ్ళపాడు కోలాటం జట్టుకి పెద్ద, ఆమెకి ఫోనంటే ఎత్తి మాట్టాడటం, వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టడం, అంతవరకే తెలుసు. అట్టాంటి మనిషి వెబ్‌సైటు కట్టింది. ఏయ్, అప్పుడే నవ్వకండి, నవ్వేది ముందుంది. ఏమైందంటే, రావిమెట్ట తిరనాళ్ళలో ఏటా మనోళ్ళే ఆడతారా, ఈ ఏడు కమిటీ పెద్ద సాంబయ్య ఏమన్నాడంట, "వజ్రమ్మక్కా, వంగవరం జట్టుకి సైటుంది, రంగురంగుల ఫోటోలున్నాయి, మావోళ్ళు అయ్యి చూసి వాళ్ళనే పిలుద్దామంటన్నారు. మీకేమన్నా ఉందా?" అన్నాడంట. ఈమె ఊరుకోవచ్చుగా? "ఎందుకు లేదు, వారంలో చూపిస్తా" అనేసింది. అనేసి ఇంటికొచ్చి నెత్తి కొట్టుకుంది. కొట్టుకోదా మరి? మొగుడు పోయాక గడప దాటని మనిషి, ఆ కోలాటం కర్రలు చేతికొచ్చాకే మళ్ళీ నలుగుర్లో పడింది. ఇప్పుడు తిరనాళ్ళ పిలుపు పోతే వంగవరం జట్టులో కలిసిపోదామని ఆడోళ్ళంతా అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. జట్టు పోతే తనకి మిగిలేది మళ్ళీ ఆ గడపే. అదీ ఆమె భయం.

సరే, ఫోన్లో ఒకాయన వీడియో పెట్టాడంట, ఏమీ తెలవకపోయినా మీ సైటు మీరే కట్టుకోండి అని. ఈమె ఎదురుగా కూచున్నోడికి చెప్పినట్టు "అట్టాగే బాబూ, కాస్త నిదానంగా చెప్పు" అంటా ఉందంట. ఆయన "ఈ ఆకుపచ్చ బటన్ నొక్కండి" అంటే ఈమె ఆ వీడియోలో బటన్నే నొక్కింది. నొక్కితే వీడియో ఆగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఆగింది. పొయ్యి మీద పప్పు మాడి వీధంతా వాసనొచ్చినా లేవలేదనుకో. నానా తిప్పలూ పడి జట్టు పేరెక్కించింది, ఫోన్ నంబరెక్కించింది, ఇంక ఫోటో ఒకటే మిగిలింది.

ఆడోళ్ళంతా ఒకే రంగు చీరలు కట్టి వజ్రమ్మ వాకిట్లో నిలబడి ఫోటో దిగారు. దిగాక అంకమ్మత్త అడ్డం పడింది. జట్టులో అందరికన్నా పెద్దది గదా, ఎవురికి తుమ్మొచ్చినా దిష్టేనంటది. "పోయినేడు ఫ్లెక్సీ మీద నా బొమ్మేశారు, మర్నాడే కాలు బెణికింది. అది ఊళ్ళోవాళ్ళు చూస్తేనే. ఇప్పుడు లోకమంతా చూస్తదంటన్నావు, బతుకుతామటే మనం? దిష్టిచుక్క పెట్టందే నేనొప్పుకోను" అంది. సరే ఫోటోకే పెడతాలే అత్తా అని, ఫోన్లో బొమ్మల మీద రంగు పూసేది ఒకటుంటది గదా, దాంతో వజ్రమ్మ ముందుగా, ఊరికి కొత్త కోడలుగా వచ్చిన పూర్ణ బుగ్గ మీద వేలు పెట్టింది. వజ్రమ్మ వేలంటే మామూలు వేలా? రోకలి పట్టిన వేలు. చుక్క కాస్తా అప్పడమంతై పిల్ల మొహమే మాయమైంది. అయ్యో, చెరిపేద్దామనుకునే లోపల సీతారావమ్మ మూతి తిప్పింది. "అంటే ఏందక్కా, అంత దిష్టి తగిలే అందం దానికొక్కదానికేనా? మేమంతా ఎట్టా కనపడుతున్నాం నీకు?" చూశారా! ఇంక ఒకటే గోల, నాకూ అంతే పెట్టు, నాకూ అంతే పెట్టు అని. అందరికీ పెట్టింది. అంకమ్మత్తయితే "నాకింకాస్త పెద్దది పెట్టవే" అందంట. ఎవురి చుక్క వాళ్ళు చూసుకుని తృప్తిపడ్డారు గానీ, మొత్తం బొమ్మ ఎట్టా ఉందో ఒక్కరన్నా చూళ్ళేదు. అట్టాగే సైటుకెక్కించి సాంబయ్యకి పంపేసింది వజ్రమ్మ.

వంగవరం వాళ్ళు చూశారు. చూసి, "గుమ్మళ్ళపాడోళ్ళు మొహాలు ఇంట్లో పెట్టి తాళమేసుకొచ్చారే" అని పడీపడీ నవ్వారంట. ఆ మాట వజ్రమ్మ చెవిన పడింది. పరువు పోయిందిరా దేవుడా అని ఫోటో తీసేయబోతే, సైటు పాస్‌వర్డ్ అడిగింది. ఏం పెట్టుకుందో గుర్తుంటేగా! మొగుడి పేరు కొట్టింది, కులదైవం పేరు కొట్టింది, గేదె పేరు కూడా కొట్టింది. రాలా. జట్టు నా చేతుల్తోనే పోగొట్టుకున్నానని కర్రలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది పాపం.

అప్పుడు సాంబయ్య ఫోన్ చేశాడు. తిట్లు తినడానికి తయారై ఎత్తిందంట. "ఏందక్కా, ఏటా వచ్చి ఆడతారు, ఈ విద్య మా దగ్గర దాచిపెట్టారా? మొహాలకి నల్లచక్రాలు కట్టుకుని ఆడే కోలాటం మేమెక్కడా చూళ్ళా. కమిటీ అంతా మీరే కావాలంటన్నారు. చక్రాలు మాత్రం మర్చిపోబాకండి" అన్నాడు. వజ్రమ్మ కళ్ళు తుడుచుకుని, "చక్రాల్లేకుండా ఎట్టా ఆడతాం సాంబయ్యా" అంది. చూడు దాని ధైర్యం!

ఇంక ఆ చక్రాల కోసం తాటాకు విసనకర్రలన్నీ మసి పూసుకున్నాయి, కళ్ళకాడ చిల్లులు పడ్డాయి. తిరనాళ్ళలో ఆడారు నాయనా! ఎదురుగా ఎవురున్నారో కనపడితేగా? కర్ర కర్రకి తగలాల్సింది భుజానికి తగిలేది, "అబ్బా" అని ఒకతె అరిస్తే అది పాటలోదే అనుకుని జనం చప్పట్లు. వంగవరం వాళ్ళు కూడా వచ్చి నోరెళ్ళబెట్టి చూశారు. చక్రం వెనకాల వజ్రమ్మ నవ్విందో ఏడ్చిందో గానీ, తీశాక చూస్తే మొహమంతా మసి చారలే. ఊరికొచ్చాక అంకమ్మత్త ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి, మనుషుల్ని పక్కకి నెట్టేసి, ఆ విసనకర్రలకి దిష్టి తీసింది. "లోకం కళ్ళన్నీ వీటి మీదే గదటే పడింది" అందంట.

ఇప్పుడు ఇంకో నాలుగూళ్ళ నుంచి పిలుపులొచ్చాయి. మా ఆవిడా ఆ జట్టులోదేగా, ఇంటికి రాగానే "అందర్లోకీ నువ్వే బాగా ఆడావే" అన్నా. "ఏదీ, నేనెక్కడున్నానో చెప్పు" అంది. ముందు వరసలో మూడోదానివి అన్నా. అది అంకమ్మత్తంట. రెండ్రోజుల నుంచి నాకు కూరల్లో ఉప్పులేదు.