బోను తెరిచిన పుణ్యం

హలో… ఆ, నేనే. పుష్పనే.

…ఉండన్నా, నీ సమాచారం తర్వాత. ముందు నాది ఒక సందేహం. ఈ పొద్దుది కాదు, ఎన్నో ఏండ్లుగా మనసులో ఉండేది. కోవెల ముందర ఒకడు బోనులో పిట్టల్ని పెట్టుకోని కూర్చుంటాడు గదా. దుడ్డిస్తే ఒకదాన్ని వదుల్తాడు. వదిలించినోళ్ళకు పుణ్యం అంటారు. వచ్చే వారం పొయ్యి చూస్తే ఆ పిట్టే మళ్ళీ ఆ బోనులో ఉంటుంది. రెక్కలు కత్తిరించి పెట్టినాడు, యాడికి పోతుంది? మరి ఆ పుణ్యం ఎవురికి పోయినట్టు?

…తెల్దా?

తెలీనోడివి, మా ఇంట్లో బోను ఏంటికి తెరిచినావు?

…అబద్ధం చెప్పొద్దు. బోను గడియకు నేను దారం కట్టి పెట్టినా. ఆ ముడి విప్పి, దారాన్ని చక్కగా చుట్టి పిట్టగోడ మీద పెట్టి ఉంది. పారేసే దారాన్ని గూడా చుట్టిపెట్టేది మన వంశంలో నువ్వొక్కడివే.

…ఆ. ఇప్పుడు ఒప్పుకున్నావు.

…అరవకుండా ఎట్ల ఉంటా? బుధవారం వచ్చింది అది మా ఇంటికి. శుక్రవారం నువ్వొచ్చినావు. నేను స్నానానికి పొయ్యిన పది నిమిషాల్లో మిద్దెక్కి వదిలేసినావు. వాకిట్లో ముగ్గేసి, హారతి ఇచ్చి, కొత్తకోడల్ని పిలుచుకున్న మాదిరి పిలుచుకున్నా దాన్ని…

…చిలకే. చిలకైతే? ఆఫ్రికా చిలకన్నా అది. బూడిద రంగు, ఎర్ర తోక. మన చెట్ల మీద తిరిగే పచ్చ చిలక కాదు. పుట్టిందే బోనులో. పద్నాలుగేండ్లు మనిషి చేతిలోనే తినింది. దానికి ఆకాశం అంటే ఏం తెలుసు? కాకి అంటే ఏం తెలుసు?

…ఎవురిదంటే ఏంది? రాయపురం కన్నియప్పన్‌ది. చేపల హార్బరులో మూటలు మోసినాయన. ఇప్పుడు చాతకాక కూతురింటికి పోతున్నాడు, ఒకే రూము, ఆడ దీనికి చోటు లేదు. కాగితాలన్నీ నా పేరుకు మార్చి ఇచ్చినాడు. 'అమ్మా, కిట్టును ఒంటరిగా మాత్రం వదలొద్దు' అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మాట ఇచ్చినా. రెండు దినాలు గూడా నిలబెట్టుకోనియ్యలేదు నువ్వు.

…చేపలిల్లు, చేపలిల్లు అంటావు మా ఇంటిని! ఆ, అరుస్తుంది. నేను పూజలో గంట కొడితే 'వంజరం, వంజరం' అని చేప పేరు అరుస్తుంది. గంట మోగితే వీధిలోకి చేపలోడు వచ్చినాడనుకుంటుంది పాపం. దానికేం తెలుసు? మొదట్రోజు నేనూ అదిరిపడినా. తర్వాత ఆలోచన చేస్తే, మొదటి అవతారమే చేప గదన్నా. పెరుమాళ్ళేమన్నా పీట మీదనుంచి లేచి పొయ్యినాడా?

…నవ్వొద్దు. నేను కోపంగా ఉండా.

…దొరికింది. పక్కింటి పొన్నమ్మ చూసింది. మునగచెట్టు మీద కూర్చోని 'వంజరం' అని ఒకటే అరుపంట. ఆమె చేపలకని గిన్నె తీసుకోని వీధిలోకి వచ్చింది. చేపలోడు యాడా లేడు. పైకి చూస్తే చుట్టూ ఏడెనిమిది కాకులు, మధ్యలో ఇది. గిన్నె మీద గరిటెతో కొట్టి తోలింది ఆ తల్లి.

…నెత్తురే. ఎడమ రెక్క కింద నాలుగు కుట్లు వేసినాడు డాక్టరు. మెడ దగ్గర ఈకలు లేవు. నిన్నంతా మూల్లో ముడుచుకోని కూర్చుంది, వంజరం లేదు, ఏమీ లేదు. ఈ పొద్దు ఒక జామముక్క తినింది. నువ్వు చేసిన పుణ్యం ఇంతే.

…నాకు శాస్త్రం తెల్దు. తొమ్మిదో క్లాసుతో నిలిపినారు నన్ను. అడుగుతా, అంతే. బోను తెరిచినోడికి పుణ్యమా, ఆకలికి జామముక్క పెట్టినోడికా? రెండూ ఒక బోను దగ్గరే జరగతాయి గదా.

…దాటేస్తావు. సరి, నీ సమాచారం ఏంది?

…తిరుపతికా? పది దినాలు? ఫోన్ ఎత్తవా?

…ఇప్పుడు యాడుండావు? మాధవరం బస్టాండులోనా?

…ఏందన్నా అది? ఎవురో ఆడపిల్ల పిలిచింది. 'రంగనాథం, ఈసీజీకి రండి' అనింది. నీ పేరే అది.

…మాధవరం బస్టాండులో ఈసీజీ తీస్తారా?

…అన్నా.

…అన్నా, నిజం చెప్పు.

…గుండెకా? ఎప్పుడు? …రేపు పొద్దున్నా? ఈ పొద్దు చేరేదా?

…అయ్యో పెరుమాళ్ళా. ఎవురికి చెప్పినావు? వదినకు? …చెప్పలేదా! నీ కూతురు ధన్యకు కానుపు అయ్యేదాకా బెంగుళూరులో ఆమె నెమ్మదిగా ఉండాలనా? ఆమె సరి. నేను? పెరంబూరులోనే ఉండా గదా, నాకేంటికి చెప్పలే?

…ఉండు. శుక్రవారం కాఫీ ఇస్తే ముట్టలేదు నువ్వు. చేపల పిట్ట ఉండే ఇంట్లో తాగనని అట్ల చేసినావనుకోని, రెండు దినాలుగా నిన్ను తిట్టుకుంటా ఉండా. …రక్త పరీక్షకా? పస్తుండమన్నారా? ఆ మాట చెప్పేదానికి నోరు లేదా నీకు! బోను తెరిచేదానికి చెయ్యి ఉంది!

…జోస్యుడా? ఆపరేషన్ ముందర బోనులో ఉండేదాన్ని ఒకదాన్ని విడిపించమన్నాడా? సరే, కోవెల ముందర లేవా పిట్టలు?

…అవి చెల్లవని ఎవురు చెప్పినారు? …నేనా?

…ఆ. నేనే. పోయినేడు ఏకాదశికి ఆడనే నిలబడి నీతో చెప్పినా. కొన్న పిట్టను వదిలేది ఉత్త నాటకం, అది మళ్ళీ బోనులోకే వస్తుంది అని.

…అందుకని నిజంగా పెంచుకునే దాన్ని వదిలితేనే చెల్లుతుంది అనుకున్నావా? నేను సందేహం అడిగితే నువ్వు బదులు చెప్పాల. ఇట్లనా చేసేది? నాతో ఒక్క మాట అనుంటే… 'పుష్పా, భయంగా ఉంది' అని ఒక్క మాట…

…భయపడేవాడికి కోపం ఎంత వస్తుందో నాకు తెల్దా? నాకూ అంతే వస్తా ఉంది ఇప్పుడు.

…ఏ ఆస్పత్రి? …ఆ రైలుగేటు పక్కదా? మా ఇంటినుంచి పది నిమిషాలు! పక్క వీధిలో కూర్చోని తిరుపతి అంటావా?

…తోడు లేకుంటే చేర్చుకోం అంటున్నారా? నీ అంగడిలో పనిచేసే పిల్లోడిని పిలిస్తే రాలేదా? వాడెవుడన్నా నీకు! ఫోను పెట్టొద్దు. చెప్పులు వేసుకుంటా ఉండా.

…కిట్టును పొన్నమ్మ చూసుకుంటుంది. పొన్నమ్మా! రవంత మా ఇంట్లో కూర్చో, మళ్ళీ చెప్తా! …ఆ, వస్తుంది. ఇద్దరూ చేపల మాటలు మాట్లాడుకుంటారు.

…నువ్వు వద్దంటే వినేదెవురు? నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు, విక్రమ్ కడుపులో ఉన్నాడు, మా ఆయన పనిమీద ఉత్తరాదికి పొయ్యినాడు… గుర్తుందా? ఆడవాళ్ళ వార్డు, మగవాళ్ళని రానియ్యరు. అంగడి మూసుకోని ఐదు దినాలు ఆ మెట్ల మీద కూర్చున్నావు. వార్డులో ఆయా బయటికి పొయ్యొచ్చినప్పుడంతా, 'మీ అన్న ఉన్నాడమ్మా ఇంకా' అని చెప్పేది నాకు.

…మర్చిపోతావు. నేను ఎట్ల మర్చిపోతా? ఇరవై రెండేండ్ల బాకీ అన్నా అది. తీర్చేదానికి ఒక తూరి జలుబుతో గూడా పడుకోలేదు నువ్వు.

…గేటు దాటినా.

…లేదు, కోపం పోలేదు. కోపంగానే వస్తా ఉండా.

…లిఫ్టు దగ్గర గుంపు. మెట్లెక్కి వస్తా. మూడో మిద్దె గదా?

…ఆ… ఆయాసం నాది. నువ్వు లేవొద్దు.

…కనపడినావు. నీలం చొక్కా. ఇట్ల తిరుగు. …ఇట్ల.

…పక్క కుర్చీలో సంచి తియ్యి. కింద పెట్టు.

…ఏమ్మా, ఈయనకు తోడు నేనే. చెల్లెల్ని. పుష్పవల్లి. సంతకం యాడ పెట్టాల? …ఈడనా?

…అన్నా, ఎదురుగ్గా నిలబడి ఉండా. ఇంకా ఏంటికి చెవి దగ్గర పెట్టుకోని ఉండావు? కట్ చెయ్యి ఫోను.