జయానందం ముందు సీటు

బీదర్‌లోని చిద్రి చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. వరండాలో చాయ్ తాగుతూ జయానందం నోరు తెరిచాడు. వచ్చే వారం సంఘమంతా బస్సు మాట్లాడుకుని హైదరాబాద్ చూడబోతోంది. దారి చూపేవాడికి డ్రైవర్ పక్కన ముందు సీటు, చేతికి మైకు. ఆ రెండూ తనకే రావాలి. బీదర్‌లో సగం మంది అక్కడ ఫ్లాట్లు కొంటున్న రోజుల్లో, ఆ ఊరే చూడనివాడు తానొక్కడేనని ఎవరికీ తెలియకూడదు.

"చార్మినార్ ఎక్కిన. అందరెక్కుతరు, గదేం గొప్ప గాదు," అని తగ్గి మొదలుపెట్టాడు. "పైకి పోతే గడియారం ఆగి ఉన్నది. గీ వేలుతోని ముల్లు జరిపిన. అప్పటిసంది పట్నమంత నా టైము మీదనే నడుస్తాంది."

"నీకు వాచీ లేదు గదన్నా?" అన్నాడు ఏసప్ప.

"ఎండ జూసి పెట్టిన తమ్మీ."

అక్కడితో ఆపుదామనుకున్నాడు. కానీ సీట్లు పంచే రాచమ్మ కళ్లు చికిలించి వింటోంది. నోరు ముందు పరుగెత్తింది, జయానందం దాని వెనకాల.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గోల్కొండ దర్వాజ కాడ చప్పట్లు కొడితే గుట్ట మీద వినబడతదంటరు గదా? నేను కొడితే హైటెక్ సిటీల అద్దాలు గడగడలాడినయి. కంప్యూటరోళ్లంత భూకంపమని కిందికి ఉరికొచ్చిండ్రు. ఇంకోపాలి కొట్టిన, ఈడ బీదర్‌ల మా ఇంటిది కెజియాకు వినబడ్డది. మా ఆయనకు ఆకలైతాందని ఎసరు పెట్టేసింది!"

"మాకు వినబడలేదే?" అన్నాడు ఏసప్ప.

"నువ్వు నిద్రల ఉంటివి."

"ఆ దర్వాజ ఎట్లుంటదన్నా?" ఏసప్ప వదల్లేదు.

జయానందం చూసిన కోట ఒక్కటే.

"దర్వాజ మీద రెండు పులులు చెక్కి ఉంటయి. బయట రాయి తొలిచిన కందకాలు. ఒకటి గాదు, మూడు వరసలు!"

రాచమ్మ గ్లాసు కింద పెట్టింది. "జయన్నా, ఆ పులులు మన బీదర్ కోటవి. నిన్ననే మా పిల్లలు వాటి కింద ఫొటో దిగొచ్చిండ్రు. గోల్కొండకు ఎప్పుడు తోలినవు వాటిని?"

నవ్వు ఆపుకుంటూ ఎవరూ చాయ్ మింగలేకపోయారు.

"పోయినేడు హైదరాబాద్ బస్సెక్కి, జహీరాబాద్ రాకముందే కక్కుకొని దిగినవంట గదా. కెజియానే చెప్పింది," అంది రాచమ్మ మళ్లీ.

"అయితే గంత దూరంకెల్లి ఆమెకు వినబడ్డదన్నది నిజమే గదా," అని జయానందం అందరికంటే ముందు తనే నవ్వాడు. ఇక సీటు పోయినట్టే.

"ముందు సీటు నీదే," అంది రాచమ్మ. "కక్కేటోళ్లను ఎప్పుడూ ముందలనే కూసోబెడతం. మైకు ఏసప్పకు. నువ్వు నిమ్మకాయ పట్టుకో."