మరిదిగారి మెత్తటి బూట్లు

ఇదిగో, మళ్ళీ కదులుతున్నావు! కదిలితే నడుము పట్టేస్తుందని చెప్పానా లేదా? పట్టేస్తే అరుస్తావు, అరిస్తే కింది వాటావాళ్ళు తలుపు కొడతారు. ఎందుకొచ్చిన గొడవ? వెల్లకిలా పడి ఉన్నావు, అలాగే ఉండు. వదిన మాట వినడానికి ఇంతకంటే మంచి భంగిమ నీకు ఈ జన్మలో దొరకదు.

ఫోనా? నా దగ్గరే ఉంది. నీదీ, నాదీ, రెండూ. డాక్టరు సంగతి తరవాత చూద్దాం. ముందు కాలివేళ్ళు కదుపు. ఊఁ... కదిలాయి. తిమ్మిరి ఉందా? కాళ్ళలోకి మంట దిగుతోందా? లేదు కదా. అయితే వెన్నెముక క్షేమం. నడుము కండరం బిగుసుకుపోయింది, అంతే.

నాకెలా తెలుసా? మీ అన్నయ్య పడిననాడు ఆసుపత్రిలో ఇవే అడిగారు. నువ్వు అక్కడ లేవులే. ఆయన పడుతున్న వీడియోకు పాట అతికించే పనిలో ఉన్నావు.

మోకాళ్ళ కింద దిండు పెట్టింది ఎవరు? నేనే. పగ ఉన్నంతమాత్రాన మర్యాద మరిచేదాన్ని కాను. నొప్పి కాస్త సర్దుకుందా? మంచిది. ఇక విను.

ఎంత దర్జాగా వచ్చావయ్యా ఇవాళ! "సొంతంగా జిమ్ పెడుతున్నాను వదినా, ఆ రాడ్డూ ప్లేట్లూ పట్టుకుపోతాను, అన్నయ్య ముట్టుకోని ఇనుము ఇక్కడ తుప్పు పట్టడం దేనికి?" అన్నావు. ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుని మరీ వచ్చావు. గడప దాటేటప్పుడు బూట్లయినా విప్పలేదు. గదిలోకి వెళ్ళి, రాడ్డుకు ఎక్కించి ఉన్న బరువు చూసి, "ఇదెవరు ఎక్కించారు?" అని అడిగావు. నేనే అన్నాను. నవ్వావు. నవ్వి ఊరుకున్నావా? "పద్యం పాడితే లేస్తుందా వదినా?" అన్నావు, తెలుగు పంతులమ్మను కదా.

అని, రెండువైపులా ఇంకో రెండేసి ప్లేట్లు తొడిగి, చేతులు రుద్దుకుని, ఒక్క గుంజు గుంజావు. లేచింది రాడ్డు కాదు, నీ కేక.

నవ్వడం లేదు. దగ్గు వచ్చింది.

ఊళ్ళో అందరూ నిన్ను వస్తాదు అంటారు. ఆ మాట నిజమని నమ్మినవాడు ఈ ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు, మీ అన్నయ్య. అచ్చాఫీసులో పొద్దస్తమానం వంగి ప్రూఫులు దిద్దే మనిషి. నడుము పీకుతోందని ఒకసారి నీ దగ్గర అన్నాడు. నువ్వు ఈ ఇనుమంతా మోసుకొచ్చి పడేశావు. "నీ చేత ఎత్తిస్తాను అన్నయ్యా, చూడు" అన్నావు. ఆయన ఎంత మురిసిపోయాడో తెలుసా నీకు? "తమ్ముడు నా కోసం తెచ్చాడే" అని ఆ ప్లేట్లను తడిగుడ్డతో తుడిచాడు. పుస్తకాల అట్టల్ని తుడిచినట్టు తుడిచాడయ్యా!

ఆయనకు నువ్వు నేర్పిందేమిటి? నీ పాత పరుగు బూట్లు తొడిగించావు, రొట్టెముక్కల్లా ఉబ్బిన అడుగులు. "లాగు, లాగు, మగాడివి కాదూ!" అన్నావు. వీపు గుండ్రంగా వంగింది, మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, మెత్తటి అడుగుల మీద మనిషి ముందుకూ వెనక్కూ ఊగాడు. పట్టుకోవలసిన చేత్తో ఫోను పట్టుకున్నావు నువ్వు.

ఆయన కూలబడ్డాడు. రాడ్డు దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. ఉయ్యాల పాట అతికించి చుట్టాలందరికీ పంపావే, ఆ వీడియోలో అది చివరి తమాషా.

సరదాకు చేశావా? సరే, సరదాకే. మీ అక్కయ్య కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర పిల్లలు "ఉయ్యాల పెదనాన్న వచ్చాడోయ్" అని ఎగిరారే, అదీ సరదాయే. ఒకడు ఎదురుగా నిలబడి ఊగి చూపించాడు, బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. ఆయన కూడా నవ్వాడు. అది చూశాను నేను. ఆ నవ్వు చూశాక విస్తరి మడిచి లేచాను.

ఆ రోజు నుంచి ఆయన ఒక్క శుభకార్యానికి రాలేదు. నడుము ఎప్పుడో బాగైంది, మనిషి బాగుపడలేదు. బజారు నుంచి కూరల సంచి మోయాలన్నా ముందు వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుంటాడు. కూరల సంచి! ఈ గది తలుపు దగ్గరకు వేసి, "ఇక్కడికి ఎవరూ రావద్దు" అన్నాడు.

నేను వెళ్ళాను.

ఎందుకంటావా? నీ మీద కోపంతో. వేరే సదుద్దేశం ఏమీ లేదు. ఏదో ఒకనాడు నీ ఎదురుగా ఆ ఇనుమును ఎత్తి దించాలి, నీ నోరు మూతపడాలి. ఇంతే నా సంకల్పం. ఆయనకు వ్యాయామం చేయించడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది కదా, ఆమెను అడిగాను. నా వయసులో సగం ఉండదు. అయినా మొదటిరోజు నమస్కరించాను. విద్య ఎవరి దగ్గరున్నా విద్యే. కావ్యమైనా, ఇనుమైనా, గురువు ముందు గర్వంగా నిలబడితే రాదు.

చీపురు కర్రతో మొదలుపెట్టించింది తెలుసా! ఉత్త కర్ర! తల వెనక ఒకచోట, వీపున ఒకచోట, నడుము కింద ఒకచోట ఆ కర్ర తగులుతూ ఉండాలి, అలా వంగాలి. ఎక్కడ ఎడం వచ్చినా మళ్ళీ మొదటికి. నువ్వయితే ఆ కర్రను విరిచి అవతల పారేసేవాడివి.

ఉండు, ఈ బూట్లు విప్పుతాను. కాలు బిగబట్టకు... ఇదిగో. చూడు, బొటనవేలితో నొక్కితే ఎంత లోతుకు పోతోందో! మడమ బయటివైపు ఎలా అరిగి వాలిపోయిందో! తాళ్ళు కూడా బిగించలేదు. పరుగెత్తేవాడికి ఈ మెత్తదనం వరం, అది అడుగు పడ్డప్పుడల్లా దెబ్బను మింగుతుంది. బరువెత్తేవాడికి ఇదే శాపం. నువ్వు నేలను తన్ని లేవాలనుకుంటావు, ఆ బలమంతా ఇది మింగి కూర్చుంటుంది. పరుపు మీద నిలబడి బీరువా ఎత్తుతావా? ఎత్తవు కదా! మరి పరుపును కాలికి కట్టుకుని ఎత్తడం ఏ శాస్త్రం?

నా బూట్లు అవిగో, ఆ మూల. పలచటి గట్టి అడుగు, మడమా ముందుభాగమూ ఒకే మట్టం. కడిగి ఈ గదికే ఉంచుకున్నాను, వీధి ముఖం చూడలేదు అవి. ఆ పక్కవి, మడమ కింద గట్టి చెక్క ఉన్నవి, గుంజీల కోసం. నా చీలమండలు వంగవు, అందుకు. మొదట్లో తెలివి ఎక్కువై మడమల కింద రెండు చెక్కముక్కలు పెట్టుకున్నాను. ఒకటి జారింది. నా గురువు నన్ను తిట్టిన తిట్లు వింటే నీ నడుము నొప్పి మరిచిపోయేవాడివి. మేజోళ్ళతో దిగానా, ఈ నున్నటి గచ్చు మీద నూనె ఒలికినచోట ఆవులా జారాను. అప్పుడు ఈ రబ్బరు పట్టా వేయించింది. బూట్లు లేకపోతే దీని మీద వట్టి కాళ్ళే మేలు.

నిద్రపోతున్నావా? కళ్ళు మూస్తే పాఠం అయిపోదు.

ఈ ప్లేట్లు తీసేస్తున్నాను, నీ గొప్పకు తొడిగినవి. మిగిలింది నా బరువు. ఇప్పుడు నన్ను చూడు. తల తిప్పకు, కళ్ళు తిప్పితే చాలు.

రాడ్డు మోకాలి కింద ముందెముకకు ఆనేంత దగ్గరగా ఉండాలి. నువ్వు మూరెడు దూరంలో నిలబడి చేపను లాగినట్టు లాగావు. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడూ నేలను పట్టుకోవాలి. పిరుదులు వెనక్కి, రెండు చేతులా సామాను ఉన్నప్పుడు నడుముతో తలుపు మూస్తామే, అలాగ. వీపు చదును. మెడ దాని దారిలోనే. అద్దంలోకి చూసుకోవడం లేదు, గమనించు.

ఇప్పుడు శ్వాస. పద్యం అందుకునే ముందు పొట్టనిండా ఊపిరి తీస్తాం, అలా తీసి బిగించాలి. నలభై ఏళ్ళుగా పద్యాలు చదివే గొంతు ఇది, ఈ ఒక్కటీ నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. పద్యం పాడితే లేస్తుందా అన్నావే? లేస్తుంది మరిదిగారూ.

గుంజకూడదు. మొదట రాడ్డులో ఉన్న వదులంతా చేతుల్లోకి తీసుకోవాలి, టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది... విన్నావా? ఆ తరవాత, నేలను కాళ్ళతో కిందికి తోస్తున్నామన్నట్టు...

...

హమ్మయ్య.

చూశావా? దించేటప్పుడు కూడా అదే దారి. పడేస్తే కింది వాటావాళ్ళ గచ్చు పగులుతుంది, పైగా అది అమర్యాద.

ఏమిటి? "బాగుంది వదినా" నా? ఆ మాట కోసం ఎన్ని పొద్దులు కాచుకున్నానో! పళ్ళ మధ్య నుంచి వచ్చింది గాని, వచ్చింది.

ఇంకొకటి రావాలి. మీ అన్నయ్యకు క్షమాపణ చెప్పాలి నువ్వు. నాకు కాదు, ఆయనకు. ఆయన కళ్ళలోకి చూసి. "తప్పు నా బూట్లది, నా నేర్పుది, నీది కాదు అన్నయ్యా" అనాలి. ఆయన ఈనాటికీ తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుంటున్నాడు. అది నీ నోటితోనే పోవాలి, నేను ఎన్నిసార్లు చెప్పినా భార్య ఓదార్పు కింద జమకడుతున్నాడు.

ఏమంటున్నావు? చెబుతావా? తప్పకుండా? అందరి ముందూ కూడానా?

ఇంత తొందరగానా!

ఛ. చప్పగా ఉందయ్యా. రెండేళ్ళు ఈ మాట కోసం కర్రతో, రాడ్డుతో, చెమటతో తపస్సు చేశాను. తీరా వచ్చేసరికి, నొప్పితో ఉన్నవాడు ఏం చెప్పమన్నా చెబుతాడు కదా అనిపిస్తోంది. దీనికోసమా?

ఏడవకు. ఎందుకు ఏడుస్తావు? ఇంత పెద్ద శరీరం పెట్టుకుని... ఇదిగో, తుడుచుకో. చెయ్యి ఎత్తలేవా? సరే, నేనే తుడుస్తాను.

డాక్టరుకు ఎప్పుడో ఫోను చేశాను. నువ్వు పడి కళ్ళు మూసుకున్నావే, అప్పుడే. ఆసుపత్రిలో విన్నానన్నాను గాని, ఇందాకటి దిండూ, కాలివేళ్ళూ అన్నీ డాక్టరు ఫోనులో మళ్ళీ చెప్పినవే. దారిలో ఉన్నాడు.

నన్ను పొగడకు! అలా చూడకు! "నువ్వు దేవతవి వదినా" అన్నావంటే నీ కాలు గిల్లుతాను. ఇంకా ఒకటుంది, అదీ వినేసెయ్యి.

మీ అన్నయ్య అచ్చులో తప్పులు దిద్దుతాడు, నేను మనుషుల నోట్లో దిద్దుతాను. క్లాసులో ఒక దీర్ఘం కురచైతే పద్యం మధ్యలో ఆపించేదాన్ని. మా ప్రిన్సిపాలు వీడ్కోలు సభలో కంటతడితో మాట్లాడుతుంటే ఒత్తు సరిచేశాను. నా ఎదుట తప్పు జరుగుతుంటే నా నోరు ఆగదు. నీకు తెలుసు, ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

ఇందాక నువ్వు ఆ రాడ్డు ముందు నిలబడ్డప్పుడు నేను ఎక్కడున్నాను? ఇక్కడే, ఈ గుమ్మం దగ్గర. నీ బూట్లు చూశాను. తాళ్ళు వదులుగా ఉండటం చూశాను. వంగగానే మడమలు బయటికి ఒరిగాయి, వీపు విల్లులా వంగింది. రాబోయేది నాకు స్పష్టంగా, పాఠం చదివినంత స్పష్టంగా తెలిసింది. "ఆగు" అంటే చాలు. రెండక్షరాలు. నాలుక చివరికి వచ్చాయి.

మింగేశాను.

నా జన్మలో ఒక తప్పును చూస్తూ దిద్దకుండా వదిలింది ఆ ఒక్కసారే, వస్తాదూ. నువ్వు గుంజే లోపల నాకు బోలెడంత సమయం ఉంది. కావాలనే ఊరుకున్నాను. ఆయన ఊగినప్పుడు నువ్వు ఎలా నిలబడి చూశావో, అచ్చంగా అలాగే నిలబడి చూశాను. నా చేతిలో ఫోను లేదు, అంతే తేడా.

మీ అన్నయ్యకు చెప్పు. అన్నీ చెప్పు, నేను కాదనను. ఆయన నీ పక్కన చేరి నీ తల నిమురుతాడు, నన్ను మాత్రం ఒక చూపు చూస్తాడు. చూడనీ. నీ దగ్గర క్షమాపణ రాబట్టాను కదా, నా క్షమాపణ ఏదీ అని అడుగుతున్నావా? అడగకపోయినా నీ ముఖంలో ఉందిలే.

చెప్పాలి. చెప్పడం ధర్మం. నోరు రావడం లేదయ్యా. పగలబడి నవ్విన ఆ బల్లలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రేపు చెబుతానేమో. చెప్పనేమో.

అదిగో, మెట్ల మీద అడుగులు. డాక్టరో, మీ అన్నయ్యో.

నువ్వు లేవకు. తలుపు నేను తీస్తాను.