మావారు అను వ్యక్తి

నవ్వకండి. ముందే చెప్తున్నాను, నవ్వితే కారు దిగి నడిచి వెళ్ళిపోతాను. పొద్దున తొమ్మిదింటికి ఆ ఆఫీసులోకి వెళ్ళినదాన్ని, ఇప్పుడు రెండున్నర. పోవడానికి మీకు పావుగంట పట్టలేదు. పోయారని నిరూపించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అది కాదండీ, మీరు పోయారని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆసుపత్రి కాగితం చూసి అయ్యో అన్నారు కూడా. పోనిది మావారట. మీరు వేరు, మావారు వేరట. కంప్యూటర్లో మీరు పోయారు, మావారు నిక్షేపంలా ఉన్నారు. ఆయనొచ్చి సంతకం పెడితేగానీ ఈ కారు నా పేరు మీదికి మారదట.

ఆఁ, తీస్తాను, తీస్తాను, తొందరేముంది. ఇక్కడ ఇంకొక పనుంది నాకు. చెప్తాను, ఆగండి. మీ సీటు ముందుకి జరిపాను, ఏమనుకోకండి, కాళ్ళు అందడంలేదు. మీరిటు నా చోట్లో కూర్చోండి. ఆ పక్క అద్దం కిందికి దిగదు, తెలుసుగా, దాంతో కుస్తీ పట్టకండి.

ఇదంతా ఎవరి పుణ్యం అంటారా? సగం నాది. మిగతా సగం మీదే, తప్పించుకోకండి.

పదకొండేళ్ళ కిందటి మాట. దేశంకాని దేశం వచ్చి రెండు నెలలు కాలేదు. మన వీధిలో పియానో నేర్పే మాస్టారి దగ్గర ఈ పాత కారు కొన్నాం. పేరు మార్పించడానికి ఇదే ఆఫీసుకొచ్చాం, ఇదే అద్దాల కౌంటరు. ఇంజను నంబరు రాసుకురండి అంటే మీరూ ఆయనా బయటికి పరిగెత్తారు. టోకెనూ మీ పాస్‌పోర్టూ నా చేతిలో పెట్టి, కదలకు, ఇప్పుడే వస్తాం అన్నారు. కదల్లేదు. కానీ మన టోకెను నంబరు పిలిచేశారు. ఏం చెయ్యను, వెళ్ళాను.

అద్దం వెనకావిడ ఏదో అడిగింది. అప్పటికి నాకీ భాష అరకొరే కదా. ఎవరి పేరు మీద రాయాలి అంటోందని మాత్రం అర్థమైంది. మావారు, అన్నాను. మళ్ళీ అడిగింది. చెవుడేమో పాపం అనుకుని ఈసారి విడమరిచి చెప్పాను, మా... వారు... అని.

ఆవిడ ముఖం ఎంత వెలిగిపోయిందో. మీ పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అప్పటికే అవస్థ పడుతోంది. ఇంటిపేరు, తాతగారి పేరు, మీ పేరు కలిపి రెండు వరుసలు నిండిపోయి, ఏది ముందో ఏది వెనకో తెలియక వేలితో కొలుచుకుంటోంది. నేను రెండు ముక్కల్లో తేల్చేశాను. సొంత పేరు మా, ఇంటిపేరు వారు. టకటకా కొట్టింది, ముద్ర గుద్దింది, కాగితం ఇచ్చేసింది. ఈ దేశంలో అంత త్వరగా అయిన పని నాకు మళ్ళీ కనబడలేదు.

మీరొచ్చి ఆ కాగితం చూసి గోడ పట్టుకుని నవ్వారు. కారు నచ్చక పిచ్చెక్కిందనుకుని పియానో మాస్టారు హడలిపోయారు.

మార్పించండీ అన్నాను. రేపు చూద్దాంలే అన్నారు. పదకొండేళ్ళూ అదే రేపు. ఏడాదికోసారి రిజిస్ట్రేషన్ పొడిగించేది ఆ వరండాలో మిషను, దానికి కారు నంబరు కొడితే చాలు, ఎవరి మొగుడెవరో దానికెందుకు? ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేది, మిస్టర్ వారు అని. దాన్ని విసనకర్రలా ఊపుకుంటూ వచ్చి, ఏమోయ్, మీవారికి ఉత్తరమొచ్చింది, అనేవారు. ఆయన ఊళ్ళో లేరని చెప్పండి, అనేదాన్ని నేను. ఇద్దరు మొగుళ్ళున్న ఇల్లయిపోయింది మనది.

ఆ సరదానే ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

కారు పాతబడిందట. పాతబడిన కారుకి మిషను పొడిగింపు చెల్లదట, యజమాని స్వయంగా కనిపించాలట. ఈ నెలాఖరు గడువు. దాటితే బండిని ఎత్తుకెళ్ళి యార్డులో పడేస్తారు, అక్కణ్ణించి నలిపి రేకుల కట్ట చేస్తారు. ఆసుపత్రి బట్టల గదిలో నా డ్యూటీ ఆరింటికి. మొదటి బస్సు వచ్చేదే ఆరున్నరకి. దుప్పట్ల చిరుగులు కుట్టే మనిషి కోసం వాళ్ళు అరగంట కాచుకుంటారా? కారు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నన్నీ దేశంలో ఉండనిచ్చే కాగితం పోతుంది. ఏదో కారు సరదా అనుకునేరు, అందుకని చెప్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు గొలుసు కళ్ళజోడావిడ ఉంది కౌంటర్లో. మంచిదే పాపం. మీ భర్త పోయినందుకు విచారిస్తున్నాం అంది. అని, కాగితం నా వైపు తోసి, కానీ ఇది మిస్టర్ వారి బండి, ఆయన అనుమతి లేకుండా మీరెలా నడుపుతున్నారు అంది.

మావారి కారు నేను నడిపితే తప్పేంటండీ అన్నాను. అదే కదా నేనూ అడిగేది అంది. ఏం చెప్పమంటారు?

రెండోసారి వెళితే ఫోనులో అనువాదం చేసే ఆయన్ని పెట్టారు. మన భాష మనిషే, ఎక్కడో కూర్చుని వింటాడు. ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. కాసేపే లెండి.

అమ్మా, ఈ మావారు ఎవరో చెప్పమంటున్నారు, అన్నాడు.

మావారేనండీ, అన్నాను.

అదే, ఆయన మీకేమవుతారు?

మావారు నాకు మావారే అవుతారు కదండీ.

మరి ఆయన పేరేంటమ్మా అన్నాడు. అక్కడ రాశారుగా అన్నాను. అక్కడ రాసింది మావారు అనమ్మా అన్నాడు. ఆ, మావారి పేరే రాయించాను అన్నాను. ఫోనులో ఆయన నీళ్ళు తాగడం వినిపించింది.

ఇంకోటి వినండి. అనువాదం చేసేవాళ్ళకో పద్ధతుందట, మనమెలా అంటే అలాగే, నేను అనే చెప్పాలట. అంచేత ఆయన ఆ మగగొంతుతో, మిస్టర్ వారు నా భర్త, అని ప్రకటించాడు. గొలుసు కళ్ళజోడావిడ ఫోను వంక చూసింది, నా వంక చూసింది. మెల్లిగా, మీ ఇద్దరిలో ఎవరి భర్త అంది.

నవ్వొద్దన్నానా.

చివరికి ఆయనే తెలివిగా, ఇది పేరు కాదు, నా భర్త అని దీనికర్థం, అని చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అయితే పదకొండేళ్ళుగా ఈ బండి నా భర్త అనే పేరు మీద ఉందన్నమాట, అంది. అవునన్నాం ఇద్దరం. ఏ భర్త అని కంప్యూటరు అడుగుతోంది, అంది.

దానికో దారి కనిపెట్టారు. రెండు పేర్లున్న మనిషి ఒక్కడేనని కట్టుకున్నదాన్ని నేను ప్రమాణం చెయ్యాలి. సంతకం పెడతానండీ అన్నాను. చాలదట. అధికారి ఎదుట, మైకులో, నోటితో పలకాలి, రికార్డు చేస్తారు. మావారు అను వ్యక్తీ, ఫలానా అను వ్యక్తీ ఒక్కరే అని. ఆ ఫలానా దగ్గర మీ పేరు. పూర్తిగా, స్పష్టంగా.

వచ్చేవారం వస్తానని చెప్పి లేచొచ్చేశాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళండీ. ఒక్కసారంటే ఒక్కసారి పలికానా? రైలు టిక్కెట్టుకి చీటీ మీద రాసిచ్చేదాన్ని. స్కూల్లో అడిగితే అమ్మాయిని ముందుకి తోసి, నాన్నగారి పేరు చెప్పమ్మా అనేదాన్ని. మీ పేరుగల దేవుడికి కూడా స్వామీ అనే దండం పెట్టుకున్నాను, ఆయనా సర్దుకున్నాడు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని మా అమ్మమ్మ చెప్పింది. నేను నమ్మానా అంటే, ఏమో. పొరపాటున నిజమైతే, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. మీ ఆయుష్షుతో పందెం కాసేంత ధైర్యం నాకు లేదు.

అమ్మాయికి ఫోన్ చేస్తే, అమ్మా, ఇందులో ఏముంది, నేను మా ఆయన్ని రోజుకి వందసార్లు పేరెట్టి పిలుస్తానంది. అల్లుడు రాయిలా ఉన్నాడు. అది వేరే సంగతి.

వారం రోజులు ఇంట్లో సాధన చేశాను. గిన్నెలు కడిగేటప్పుడు పంపు పెద్దగా తిప్పుకుని, నాక్కూడా వినబడకుండా పలుకుదామని చూశాను. మొదటి అక్షరం దాకా వచ్చేది, ఆ తర్వాత దగ్గు. బట్టల గదిలో సూదిలోకి దారం ఎక్కిస్తూ చూశాను. పక్కామె మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఈ పొద్దున అదే కౌంటరు, అదే ఆవిడ, ఫోనులో అదే ఆయన. మైకు నా గడ్డానికి ఆనేంత దగ్గరికి జరిపారు. ఎర్ర దీపం వెలిగింది.

పలికాను.

సరిగా పడలేదు, కొంచెం గట్టిగా అన్నారు. మళ్ళీ పలికాను. ఇంటిపేరు ముందు చెప్తే కంప్యూటరు ఒప్పదు, సొంత పేరు ముందు చెప్పాలన్నారు. మళ్ళీ పలికాను. మూడుసార్లు. చివరిసారికి కూరగాయల కొట్లో బేరమాడినట్టు పలికేశాను. ఫోనులో ఆయన, చాలమ్మా, చాలు, అన్నాడు. అది మాత్రం ఆయన అనువాదం చెయ్యలేదు.

ఆవిడ మీట నొక్కి, తెర నా వైపు తిప్పి చూపించింది. మావారు అను వ్యక్తి, మరణించారు. కింద బండి నా పేరు మీద.

నిన్నటిదాకా ఉన్నారు చూడండి ఆయన. పేరు పలికాను, పోయారు. మా అమ్మమ్మ అక్కడుంటే కౌంటరు మీద చెయ్యేసి, చెప్పానా లేదా అనేది.

కాగితం సంచిలో ఉంది. ఆరింటి డ్యూటీ ఉంది. అంతా బాగుంది. సంతోషంగా ఉండాలి కదా?

ఇంకొక పనుందన్నాను కదూ. అమ్మాయికి కూడా చెప్పలేదు ఇది.

ఆ పొద్దున, మీరు ఒక కాలికి బూటు వేసుకుని వంటింట్లో అలా ఒరిగిపోయినప్పుడు. నన్ను డ్యూటీలో దింపడానికే కదా లేచారు. అంబులెన్సు అమ్మాయి వచ్చింది, మీ ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూ నాతో అంది, పేరు పెట్టి పిలవండి, మీ గొంతయితే గుర్తుపడతారు అని. గట్టిగా పిలవండి, పేరు పెట్టి, అని రెండుసార్లు చెప్పింది.

నేను ఏమండీ అన్నాను. ఏమండీ, ఏమండీ అని అరిచాను.

అదే మీ పేరనుకుంది ఆ పిల్ల. తనూ మొదలుపెట్టింది. మీ చెంపలు తడుతూ, దాని యాసలో, మిస్టర్ ఏమండీ, మిస్టర్ ఏమండీ, అని. ఇద్దరం కలిసి పిలిచాం. మీ పేరు మాత్రం ఆ వంటింట్లో ఎవరూ పలకలేదు.

నోరు రాక కాదండీ. నోటిదాకా వచ్చింది. భయపడ్డాను. ఉన్న కాస్త ఆయుష్షూ నేను పలికితే తరిగిపోతుందేమోనని పళ్ళు బిగపట్టుకున్నాను. అప్పుడు పలకనిదాన్ని, ఇవాళ ఈ రేకుల డబ్బా కోసం మూడుసార్లు పలికాను. మైకులో.

పిలిస్తే కళ్ళు తెరిచేవారా? అది ఏ కౌంటర్లో అడగాలో నాకు తెలీదు. టోకెను కూడా ఇవ్వరు దానికి.

అందుకే కారు తియ్యలేదు. ఇంటికెళ్ళే ముందు ఒక్కసారి, ఎర్ర దీపం లేకుండా, మీకే వినబడేట్టు పిలుద్దామని కూర్చున్నాను. అద్దాలెత్తే ఉన్నాయి. ఎవరూ లేరు. వాళ్ళ ముందు మూడుసార్లు పలికిన నోరే కదా ఇది.

ఏమండీ.

చూశారా, అదే వస్తోంది.